విప్పి చూడు

కిందటి వారం మనం శ్రుతక్కను దుకాణం గడప మీద నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో నూనె గుడ్డ, వీధి మలుపులో అప్పుడే ఆగిన బస్సు, అందులోంచి ఒక్క సంచీతో దిగుతున్న చెల్లెలు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పదకొండు నెలలు. తల్లి పోయిన రోజున ఇల్లంతా జనం ఉండగా, ఒక్క మాటా లేకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ చెల్లెల్ని చూసి అక్కకు ఒళ్ళు మండింది. "తల్లి పోతే దీనికి నోట మాట లేదు. స్టేషన్‌లో మైకు దొరికితే మాత్రం పొద్దస్తమానం అరుస్తుంది" అంది, అందరికీ వినబడేలా. చెల్లెలు రైల్వే స్టేషన్‌లో బళ్ళ రాకపోకలు చెప్పే అనౌన్సరు. ఆ మాటకు బదులివ్వలేదు. మర్నాడే వెళ్ళిపోయింది, ఆ తరవాత అక్క ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఇప్పుడు తల్లి తన కోసం వదిలిన హార్మోనియం పెట్టె తీసుకుపోవటానికి వస్తోంది. అది చేతికి అందితే ఆమెకు ఈ ఊళ్ళో ఇంకేం పని ఉండదని శ్రుతక్కకు తెలుసు.

ఆ పేరు సంగతి కూడా ఒకసారి చెప్పుకుందాం. శ్రుతి ఆమె పేరు కాదు. హార్మోనియంలు బాగుచేసి శ్రుతి కలిపే మనిషి కాబట్టి శ్రుతక్క అయింది. పేరే అదనుకుని, ఇంత బాగా కలిసొచ్చిన పేరు ఎవరు పెట్టారమ్మా అని మెచ్చుకున్న గిరాకీలు కూడా ఉన్నారు. ఆమె ఊరుకుంటుంది. మెచ్చుకునేవాళ్ళను సరిదిద్దటం ఎందుకని ఆమె ఉద్దేశం.

దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక తలుపు, ఒక కిటికీ, నడుమ పొడుగాటి బల్ల. బల్ల వెనక గోడ మొత్తం అగ్గిపెట్టెలు, ఇటుకల్లా పేర్చి. ఏ హార్మోనియం విప్పినా లోపల్నుంచి తీసిన ప్రతి ముక్కా ఒక అగ్గిపెట్టెలోకి వెళుతుంది, దాని మీద చీటీ అంటుకుంటుంది. ఎవరి పెట్టె, ఎన్నో మెట్టు, ఏం తీశాం, ఏం చేశాం. విరిగిన స్క్రూ అయినా సరే, పారేసేది లేదు. గిరాకీలు నవ్వుతారు. ఆవిడ చీటీ రాసే వరకూ తుమ్మకండిరా, తుమ్ముకీ చీటీ అంటిస్తుంది అంటారు.

చెల్లెలు లోపలికి వచ్చి సంచీ దింపింది. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకుంది. అది అమ్మ అలవాటు. బళ్ళో పిల్లలకు పాటలు చెప్పే టీచరు కదా, సుద్దపొడి పడి అద్దం మాసిపోతుందని అలా పెట్టుకునేది. చెల్లెలి స్టేషన్‌లో సుద్దపొడి ఎక్కడుంది? అది చూడగానే శ్రుతక్క మనసు మెత్తబడింది. కానీ నోటికి వచ్చింది వేరే.

"బస్సు దొరికిందా?"

"దొరక్కపోతే ఎలా వస్తానక్కా."

"అదేలే. నీళ్ళు తాగుతావా?"

"తాగాను. పెట్టె ఏది?"

శ్రుతక్క ఈ ప్రశ్న కోసమే మూడు వారాలుగా కాచుకుని ఉంది. తల్లి పోయే ముందు మంచం మీద నుంచి చెప్పిన ఆఖరి మాటల్లో ఇదొకటి. "పెట్టె చిన్నదానికివ్వు. ఇచ్చే ముందు ఒకసారి నువ్వు విప్పి చూడు." శ్రుతక్క దుకాణంలో ఆ మాటకు ఒకటే అర్థం. గిరాకీ పెట్టె తెచ్చి బల్ల మీద దించుతాడు, ఒకసారి విప్పి చూడక్కా అంటాడు. అంటే దుమ్ము దులుపు, రీడ్లు గీకు, గాలి తిత్తి అతుకు, కొత్తదానిలా చేసి ఇవ్వు అని. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట ఆ అర్థంతోనే వింటున్న చెవులవి. పైగా తల్లి తన జన్మలో తొలిసారి తన పెట్టె మీద చెయ్యి వేయనిచ్చింది. తల్లి పోయాక చాలాకాలం శ్రుతక్క దాన్ని ముట్టుకోలేక పోయింది గానీ, ఈ మధ్యే గుండె రాయి చేసుకుని మొదలుపెట్టింది. మొదలుపెట్టాక వేరే గిరాకీల పనంతా పక్కన పెట్టేసింది.

బల్ల మీది గుడ్డ లాగింది. పెట్టె నిగనిగలాడుతోంది. కిటికీ మొత్తం అందులో కనబడుతోంది. మెట్లు పాలరంగులో, ఒక్క మచ్చ లేకుండా వరసగా ఉన్నాయి. గాలి దారులు తెరిచే స్టాపు గుండీలు ఐదూ కొత్త ఇత్తడివి. తిత్తికి మేలైన తోలు.

చెల్లెలు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. చెయ్యి చాచి పెట్టె కుడి మూల తడిమింది, మళ్ళీ ఎడమ మూల తడిమింది, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు. నోరు తెరిచింది. మాట రాలేదు.

"చూశావా, నోట మాట లేదు కదూ" అంది శ్రుతక్క. ఈసారి మురిపెంగానే అంది. "పాలిష్ ఏడుసార్లు పట్టించాను. మెట్లు ఒక్కటి కూడా పాతది ఉంచలేదు. తిత్తి ఊదితే ఊపిరి చప్పుడు కూడా రాదు. అమ్మ చేతిలో ఎంత గురగురలాడేదో గుర్తుందా? ఇప్పుడు విను."

చెల్లెలు వినలేదు. మూతను పైకెత్తి లోపల చూసింది, వెనక్కు తిప్పి చూసింది. ఆమె గొంతు దగ్గర ఏదో కదిలి కదిలి చివరికి దారి దొరికించుకుంది.

"అమ్మ పెట్టె ఏది?"

"ఇదేగా."

"ఇది షాపులో దొరికే పెట్టె. నేను అమ్మ పెట్టె అడుగుతున్నాను."

శ్రుతక్క ముఖం వాడిపోయింది. ఇంత చేస్తే ఇదా మాట అనుకుంది. "మూడు వారాలు తిండి మానేసి చేశానే. అదే కర్ర, అదే చట్రం. కావాలంటే కింద తయారుచేసినాయన ముద్ర ఉంటుంది, తిప్పి చూసుకో."

"ఈ మూల గ్లాసు మచ్చ ఉండేది. గుండ్రంగా."

"మాసిపోయి అసహ్యంగా ఉంటే గీకేశాను."

"పొద్దున్నే టీ గ్లాసు అక్కడే పెట్టేది. వద్దు మచ్చ పడుతుంది అని నాన్న అంటే, పడనీ, రేపు కూడా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది అనేది." చెల్లెలు వేలు ఇంకా ఆ మూల మీదే ఉంది. "మూడో స్టాపుకు గుండీ ఊడిపోతే నాన్న కోటు బొత్తాం దారంతో కట్టింది. నల్లది. అదేది? తిత్తి చిరిగితే నా గౌను గుడ్డ అతికించింది, బాతులున్న గుడ్డ. సా మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టింది, నాకు మెట్లు తెలియవని. అవన్నీ ఏం చేశావక్కా?"

ఆ పట్టీ వింటుంటే శ్రుతక్కకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అన్నిటినీ తన చేత్తోనే తీసింది. తీసేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఆమె చేతులకు మచ్చ అంటే పోగొట్టవలసింది, అతుకు అంటే ఊడదీయవలసింది. ఎవరి పెట్టె అయినా అంతే. తల్లి పెట్టెను కూడా గిరాకీ పెట్టెలాగే చూసింది కదా అని ఇప్పుడు అనిపించి సిగ్గేసింది.

"పారేయలేదే" అంది, గొంతు తగ్గించి. "నేను ఏదీ పారేయను."

గోడ దగ్గరికి వెళ్ళి అమ్మ పేరున్న వరసలోంచి అగ్గిపెట్టెలు దించింది. ఒక్కోటి తెరిచి బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో నల్ల బొత్తాం, దారంతో సహా. ఒకదాంట్లో పసుపు బాతుల గుడ్డ ముక్క, జిగురుకు అట్టకట్టి. ఒకదాంట్లో ఎర్ర చుక్క ఉన్న పాత మెట్టు పెంకు. చెల్లెలు బొత్తాం తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. బాతులను వేలితో సాపు చేసింది. పెట్టెలో ఒకటిగా ఉన్నప్పుడు అది అమ్మ. ఇప్పుడు ముక్కలుగా బల్ల మీద ఉంది, ఒక్కో ముక్కకూ ఒక్కో చీటీ.

"మళ్ళీ అన్నీ పెట్టేస్తాను. రెండు రోజులు ఉండు" అంది శ్రుతక్క.

"గ్లాసు మచ్చ కూడా పెడతావా?"

శ్రుతక్క బొటనవేలితో ఆ మూల ఒకసారి రుద్దింది.

"పదహారో మెట్టు నొక్కు" అంది చెల్లెలు.

ఈ ఒక్క విషయంలో మాత్రం తనకు మార్కులు పడతాయని శ్రుతక్క ఆశపడింది. ఎందుకంటే ఆ పదహారో మెట్టు ఆమెకు మామూలు మెట్టు కాదు. ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పోయిన వారానికే ఆమెను పిన్ని ఇంటికి పంపేశారు. ఐదేళ్ళ చెల్లెలు మాత్రం తల్లి దగ్గరే ఉంది. ఎందుకు పంపారో ఎవరూ చెప్పలేదు. పద్నాలుగు నెలల తరవాత తిరిగొచ్చేసరికి పెట్టెలో ఒక మెట్టు మూగపోయి ఉంది. బాగుచేద్దామమ్మా అంటే తల్లి చేతి మీద ఒక్కటి వేసింది. "పెద్దా, దాన్ని ముట్టుకోకు" అంది. ఇంట్లో ఇద్దరి పిలుపులూ అవే, పెద్దా, చిన్నా. ఏడాది పాటు దూరం పెట్టి, తిరిగొస్తే చెయ్యి కూడా వేయనివ్వలేదని ఆ పిల్ల మనసులో పడిపోయింది. ఎప్పటికైనా ఆ మెట్టు మోగిస్తే అమ్మ తనను దగ్గరికి తీసుకుంటుందని ఒక పిచ్చి లెక్క వేసుకుంది. హార్మోనియం పని నేర్చుకున్నది అందుకే. ఈ మూడు వారాల్లో ఆ మెట్టు తొలిసారి మోగిన రోజున తలుపేసుకుని ఏడ్చింది కూడా.

నొక్కింది. స్వరం తేటగా లేచి గది నిండింది. చెల్లెలు చెవులు మూసుకుంది.

"ఆపక్కా."

"ఏమైందే?"

"ఎవరు మోగించమన్నారు దాన్ని?" కోపంగా అనలేదు. అలసిపోయినట్టు స్టూలు లాక్కుని కూచుంది. "నాన్న పోయాక నాకు మాట పోయింది, తెలుసా నీకు?"

"జ్వరమొచ్చి కొన్నాళ్ళు మాట్లాడలేదన్నారు పిన్నీవాళ్ళు."

"జ్వరం లేదు, ఏం లేదు. గొంతు పట్టేసేది. అమ్మా అని కూడా అనలేకపోయాను, తొమ్మిది నెలలు. డాక్టర్లందరికీ చూపించింది. చివరికి ఒకరోజు పెట్టె విప్పి, ఆ మెట్టు కింద ఏదో దూర్చింది. నేను పక్కనే కూచుని చూశాను."

హార్మోనియంలో ప్రతి మెట్టు కింద ఒక ఇత్తడి నాలుక ఉంటుంది. గాలి తగిలి ఆ నాలుక ఆడితేనే స్వరం. దాన్నే రీడు అంటారు. పదహారో మెట్టు నాలుక కింద మడిచిన కాగితం ఉండటం శ్రుతక్క చూసింది. ఎవడో పనిరానివాడు ఎప్పుడో దూర్చి మరిచిపోయాడని తిట్టుకుని లాగేసింది.

"బళ్ళో చెప్పే పాట ఉండేది కదా, అమ్మ కట్టింది" అని చెల్లెలు చాలా మెల్లగా అంది. "చీమక్క రైలెక్కె, టికెట్టు మరిచిపోయె, రైలేమొ ఆగకుండ..."

"కూ అనె" అని అందుకుంది శ్రుతక్క.

"ఆ కూ పదహారో మెట్టు. అమ్మ వాయిస్తూ వచ్చి అక్కడ నొక్కితే పెట్టె పలికేది కాదు. ఆగిపోయి నా వంక చూసేది. అయ్యో, దీనికి కూడా గొంతు పట్టేసింది చిన్నా, కాస్త నువ్వందుకో అనేది. రోజూ అదే. నేను అందుకోకపోతే ఏమీ అనేది కాదు, మళ్ళీ మొదట్నించి వాయించేది. ఎన్ని నెలలు పట్టిందో నాకు గుర్తులేదు. ఒకరోజు అన్నాను. కూ అన్నాను. అదీ నా మొదటి మాట. అమ్మ పాట ఆపలేదు, నన్ను పట్టుకుని ఏడవలేదు, ఏమీ జరగనట్టు తరవాతి చరణానికి పోయింది. నేను మళ్ళీ భయపడతానని."

శ్రుతక్క బల్ల అంచు పట్టుకుంది.

"నేను పిన్ని దగ్గర ఉన్నప్పుడు."

"ఆ. నువ్వొచ్చేసరికి మాట్లాడుతున్నాను కదా. కాగితం మాత్రం తియ్యలేదు. ఉండనీ, ఎప్పుడు పట్టేస్తుందో ఎవరికి తెలుసు అనేది. ఇప్పటికీ పట్టేస్తుంది అక్కా. బాగా దుఃఖం వస్తే. రైళ్ళ పేర్లు చదవటానికి ఏ ఇబ్బందీ లేదు, అవి కాగితం మీద ఉంటాయి. నా సొంత మాటే రాదు."

పదకొండు నెలల కిందట గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి శ్రుతక్క కళ్ళ ముందు కనిపించింది. ఆ రోజు చెల్లెలి నోరు తెరుచుకుని ఉండటం తను చూసింది. తెరుచుకుని, ఏమీ రాక, అలాగే ఉండిపోవటం. చూసి కూడా పొగరు అనుకుంది. మాటలేని మనిషిని పట్టుకుని అంతమందిలో ఆ మాట అన్నది.

"ఆ రోజు నీకు..."

"పట్టేసింది. నువ్వన్నాక పూర్తిగా పోయింది. పదిహేను రోజులు సెలవు పెట్టాను. మైకు ముందు కూచోలేక."

"నాకెందుకు చెప్పలేదే, ఇన్నేళ్ళూ?"

"నీకు తెలుసనుకున్నాను. ఇంట్లోవాళ్ళకు తెలియనిది ఏముంటుందనుకున్నాను."

శ్రుతక్క ఏడుపు ఆపుకోలేదు, ఆపుకుందామని కూడా అనుకోలేదు. తప్పు చేశానే, చాలా తప్పు చేశాను అంది. చెల్లెలు ఊరుకోబెట్టలేదు గానీ లేచి వెళ్ళిపోనూ లేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ శ్రుతక్క అందులోంచే ఒక మాట అనేసింది. చాలాకాలంగా లోపల ఉన్న మాట.

"నీకు మాట తెప్పించటానికి అమ్మకు తొమ్మిది నెలలు ఓపిక ఉంది. నన్ను ఎందుకు పంపేసిందో చెప్పటానికి ముప్పై ఏళ్ళలో ఒక్క రోజు దొరకలేదు."

చెల్లెలు తల ఎత్తి విచిత్రంగా చూసింది.

"అదేంటక్కా, అమ్మ రాసింది కదా. నువ్వు చదవలేదా?"

"ఏం రాసింది?"

"పోయే ముందు వారం నాకు ఫోన్ చేసింది. పెద్దదాన్ని ఎందుకు పంపించానో ముఖాన చెప్పలేకపోయాను, కాగితం మీద రాసి పెట్టెలో పెట్టాను అంది. నాకు వినిపించమ్మా అంటే, అది దాని కోసం రాసింది, నేను పోయాక పెట్టె విప్పేది అదొక్కతే కదా, విప్పి చూడమని చెప్పాను, చూస్తుందిలే అంది."

విప్పి చూడు.

అమ్మ ఆ మాటను మామూలుగా అందరూ అనే అర్థంలోనే అన్నది. పెట్టె విప్పు, లోపల ఏముందో చూడు అన్నది. తను దుకాణం చెవులతో విన్నది.

"ఎక్కడ పెట్టిందో చెప్పిందా?" అని అడిగింది. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

తను పెట్టె విప్పిన రోజున పదహారోది కాక ఇంకొక మెట్టు కూడా మూగగానే ఉంది. ఎడమ చివరన, ఒకటో మెట్టు. అంత కింది స్వరం ఏ పాటకూ అక్కర్లేదు కాబట్టి దాన్ని ఎవరూ నొక్కరు. దాని నాలుక కింద కూడా మడిచిన కాగితం ఉంది. బడి నోటుపుస్తకంలోంచి చింపిన పాత కాగితం, పసుపు పచ్చగా. మడత పైన ఒక్క ముక్క కనబడుతోంది, పెద్ద, అని. మిగతాది మడతలోకి పోయింది. పెద్ద సంఖ్య, చిన్న సంఖ్య అని పిల్లలకు చెప్పిన లెక్క అనుకుంది శ్రుతక్క. అనుకుని నవ్వుకుంది కూడా, అమ్మ పొదుపు చూడు, చిత్తు కాగితం కూడా వదల్లేదు అని. పెద్దా అని పిలిపించుకుంటూ పెరిగిన మనిషికి ఆ అక్షరాలు తన పేరని తట్టలేదు.

ఆమె గోడ వైపు తిరిగింది. చేతులు వరస మరిచిపోలేదు. అమ్మ పెట్టె, పదహారో మెట్టు. తెరిస్తే కాగితం ఉంది. మడత విప్పారు. ఎక్కాల కాగితం, ఇంకేమీ లేదు. దాని పక్కన, అమ్మ పెట్టె, ఒకటో మెట్టు. తెరిస్తే ఖాళీ.

ఖాళీ ఎందుకో చీటీ మీదే ఉంది, ఆమె సొంత చేతిరాతతో. "పాత కాగితం. మీసాలాయన పెట్టెలో వాడాను."

చెల్లెలు చీటీ చదివి అక్క వంక చూసింది. "వాడటం ఏంటి?"

చెప్పక తప్పలేదు. రీడు పలక వదులైతే గాలి కారుతుంది. దాని కింద కాగితం దూర్చి బిగిస్తారు. కొత్త కాగితం పనికిరాదు, తేమకు ఉబ్బుతుంది. ఏళ్ళ తరబడి ఎండిన పాత కాగితమైతే కదలదు. అందుకే శ్రుతక్క ఎక్కడ పాత కాగితం కనబడినా దాచుకుంటుంది. నాటకాల బృందంలో వాయించే మీసాలాయన నిన్న పెట్టె తెచ్చి పీకల మీద కూచున్నాడు. మూత లోపల అద్దం, అద్దం పక్కన మనవరాలి ఫొటో, పెట్టె చుట్టూ రంగు తాడు, ఎక్కడ చూసినా తనే కనబడే మనిషి. ఒక రీడు కారుతోందక్కా, తొందర, ఊరెళ్ళాలి అన్నాడు. చేతికందిన అగ్గిపెట్టెలోంచి ఆ కాగితం తీసింది. మడత కూడా విప్పలేదు. సరిగ్గా సరిపోయింది. కొలిచి మడిచినట్టుంది అనుకుంది.

కొలిచే మడిచి ఉంటుంది అమ్మ. కూతురు చేసే పని ఏమిటో ఆమెకు తెలియదా?

"ఆయన ఎక్కడ ఇప్పుడు?"

"పొద్దున్నే వచ్చి తీసుకుపోయాడు. పదిన్నర బండికి వెళ్ళిపోతున్నాం, ఊరూరా ఆటలున్నాయి, మళ్ళీ ఎప్పుడొస్తామో తెలియదు అన్నాడు. ఫోన్ నంబరు లేదు. ఆయనకు ఫోనే లేదు." శ్రుతక్క బల్ల మీద కూలబడింది. "నా చేత్తో తీశాను. నా చేత్తో స్క్రూ బిగించాను. ముప్పై ఏళ్ళు ఏ మాట కోసం చూశానో, దాన్ని మడత కూడా విప్పకుండా ఎవరి పెట్టెలోనో పెట్టి పంపించేశాను."

చెల్లెలు మణికట్టు తిప్పి చూసుకుంది.

"పదిన్నర బండా? ఉత్తరం వైపు వెళ్ళేదా?"

"అదే అనుకుంటా."

"అది పన్నెండు నలభైకి మా స్టేషన్‌కు వస్తుంది. ఒకటో ప్లాట్‌ఫాం. నాలుగు నిమిషాలు ఆగుతుంది." ఆమె గొంతు ఒక్కసారిగా మారింది. అది మైకు ముందు కూచున్న మనిషి గొంతు. "ఇప్పుడు పన్నెండు ముప్పై ఆరు. ఇవాళ డ్యూటీలో ఉన్నది నా పక్క సీటామె. మైకులో పిలిపిస్తాను. హార్మోనియంతో ప్రయాణం చేస్తున్న మీసాలాయన వెంటనే అనౌన్సరు గదికి రావాలి అని."

శ్రుతక్క చటుక్కున లేచింది. "ఫోన్ నాకివ్వు, నేను చెబుతాను."

"నువ్వు చెబితే చదవరు. ఆకతాయి ఫోన్లు ఎక్కువయ్యాయని రూలు పెట్టారు, బయటి గొంతు చెప్పింది మైకులోకి పోకూడదు. నేనే చెప్పాలి."

నంబరు నొక్కి, ఫోన్‌ను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. మోగుతోంది. ఆ కాస్త వ్యవధిలో ఆమె చూపు బల్ల మీది ముక్కల మీద పడింది. బొత్తాం, బాతులు, ఎర్ర చుక్క. వాటి పక్కన ఖాళీ అగ్గిపెట్టె, దాని పక్కన ఏడుస్తున్న అక్క. ఆ అక్కను ఏడుస్తుండగా చూడటం ఆమెకు ఇదే మొదలు.

అవతల ఫోనెత్తారు. "హలో, అనౌన్సరు గది."

చెల్లెలు నోరు తెరిచింది. గొంతు దగ్గర కదలిక కనబడింది, అంతవరకే. తెరుచుకుని, ఏమీ రాక, అలాగే ఉండిపోయింది.

ఆ నోటిని శ్రుతక్క ముందొకసారి చూసింది. చూసి ఏమనుకుందో, ఏమన్నదో కూడా గుర్తుంది. ఈసారి ఏమీ అనలేదు. కొత్త పెట్టెను ముందుకు లాక్కుంది. ఎడమ చేత్తో తిత్తి తెరిచింది. కుడి చెయ్యి మెట్ల మీదికి వెళ్ళింది.

చీమక్క రైలెక్కె. టికెట్టు మరిచిపోయె.

"హలో? ఎవరండీ, ఆ పాటేంటి?" అంది ఫోన్. దాని వెనకాల ఎక్కడో పట్టాల చప్పుడు మొదలైంది. "చెప్పకపోతే పెట్టేస్తున్నా, బండి వచ్చేస్తోంది."

రైలేమొ ఆగకుండ.

పదహారో మెట్టు దగ్గరికి వచ్చింది వేలు. జీవితమంతా ఏ మెట్టు మోగాలని కోరుకుందో ఆ మెట్టుకు వెంట్రుకవాసి పైన ఆపింది శ్రుతక్క. నొక్కలేదు. తల తిప్పి చెల్లెలి వంక చూసింది.

"దీనికి కూడా గొంతు పట్టేసింది చిన్నా" అంది. "కాస్త నువ్వందుకో."

చెల్లెలి పెదవులు మెల్లగా గుండ్రంగా ముడుచుకున్నాయి.